తుడిచేసిన పొర

భాద్రపద బహుళ తదియ

ఈ పుస్తకంలో తేదీలు తిథుల్లోనే వేయాలని బిలం సభ తీర్మానించింది. చంద్రుడి ముఖం చూసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేని ఊళ్ళో, సున్నపురాతి గుహల్లో బతికే జనానికి తిథులెందుకని అడిగాను. నా వైపు ఒక్క ఓటు పడింది. అది నాదే. కాబట్టి తదియ.

నా పేరు చిన్నోబులేసు. మూడో నంబరు ఆక్సిజన్ యంత్రం నా చేతిలో ఉంది. ఊపిరి వార్డుకు వెళ్ళే గొట్టం ఈ ఒక్క యంత్రానిదే. ఇందులో పిస్టన్ ఆడుతుంది, సిలిండర్లో గాలిని తొక్కి పంపుతుంది. నూనె చుక్క తగలకూడదు. ఆక్సిజన్‌కు నూనె తోడైతే మంట లేస్తుంది, మంట లేస్తే బిలంలో పారిపోవడానికి చోటు లేదు. అందుకే పిస్టనుకు తొడిగే రింగులు నూనె లేకుండా తమంతట తామే జారాలి.

పాత పట్టణాల నాన్‌స్టిక్ పెనాల మీద పూతగా ఒక పదార్థం ఉండేది కదా, అది జారుతుంది. కానీ ఒట్టిదాన్ని వాడితే సబ్బుబిళ్ళలా అరిగిపోతుంది. పైన కొండమీద కూలిపోయిన గాలిమరల రెక్కల్లోంచి నల్లటి కార్బన్ నార పీకించి కలిపాను. బలం వచ్చింది. కంచు పొడి కలిపాను. వేడి నిలవడం మానేసింది. ఆ కంచు పాత పెద్దమ్మవారి గుడి గంటది. అవును, గంట అరగదీశాను, నా పేరు మీదే రాసుకోండి. గుడిలో మోగినన్నాళ్ళూ ఆ గంట ఎవరికి ఊపిరి పోసింది?

కొత్త రింగులు వేసవి ముందు తొడిగాను. మొదట్లో కొంచెం అరిగి, సిలిండరు గోడకు నల్లటి పల్చని పొర పూశాయి. ఆ పొర కుదిరాక రింగు ఇనుము మీద కాక తన పొర మీద తానే నడుస్తుంది. అప్పటినుంచి అరుగుదల లేదనే చెప్పాలి. పాత రింగులు రెండు నెలలకే చేతులెత్తేసేవి. ఇవి ఇంకా కుర్రతనంలోనే ఉన్నాయి.

వార్డులో తొమ్మిది మంచాలు. కిటికీ లాంటి రాతి తొర్ర పక్క మంచంలో ఉన్నది నా భార్య మద్దమ్మ.

భాద్రపద బహుళ నవమి

మద్దమ్మ పదిహేనేళ్ళు రాయి కొట్టింది. బిలం వెడల్పు చేయాలి, పిల్లలకు బడి గది కావాలి అన్నారు. కొట్టింది. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఒక్క పెద్దమనిషీ చెప్పలేదు. ఆ గదికి మాత్రం పెద్దమ్మవారి పేరు పెట్టారు. రాయి కొట్టినవాళ్ళ పేర్లు పెట్టండని సభలో గొంతు చించుకున్నాను. ఇప్పుడు ఆ రాతిపొడి అంతా ఆమె ఊపిరితిత్తుల్లో ఉంది.

నర్సు రూతమ్మ ఈరోజు మంచి మాట చెప్పింది. "ఓబులేసన్నా, గాలి ఇట్లనే నిండుగా వస్తాంటే దీపావళికి ఇంటికి పంపిస్తా. చిన్న గాలిబుడ్డీ తగిలించుకోని తిరగొచ్చు. మధ్యలో మాత్రం తగ్గకూడదు. ఒకసారి తగ్గిందంటే ఆమె ఊపిరి మళ్ళీ పైకి రాదు."

"తగ్గదు" అన్నాను.

మద్దమ్మ ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి నవ్వింది. "నీ రింగులు బాగుండాయంట గదా. గంట ఊరికే పోలేదులే. పెద్దమ్మే నా ముక్కులోకి వస్తాంది."

"గొట్టం పెట్టుకోమే. వచ్చేది ఆక్సిజన్."

"రెండూ ఒకటే ఎందుకు కాకూడదంటా?"

"ఒకటి కొలవొచ్చు, రెండోది కొలవలేం."

"ముప్పయ్యేండ్లు కాపురం చేసినావు. నన్ను యాడన్నా కొలిచినావా?"

రూతమ్మ నవ్వాపుకోలేక తలుపు అవతలికి పోయింది. మా ఇంట్లో సంభాషణ ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. ఆమె దండం పెడుతుంది, నేను వాదిస్తాను, కూర చల్లారిపోతుంది.

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఈ రోజు సభలో గెలిచాను.

సంగతి ఆయుధపూజ గురించి. ఏటా నవమినాడు యంత్రశాలలో కర్పూరం వెలిగిస్తారు, గుమ్మడికాయ కొడతారు, యంత్రాల నెత్తిన పసుపు కుంకుమ. వెలిగించేది ఎక్కడ? ఆక్సిజన్ యంత్రాల మధ్య. నేనడిగిందల్లా ఒకటే: నూనె చుక్కను లోపలికి రానివ్వని మనం నిప్పును ఎట్లా రానిస్తున్నాం? ఇన్నేళ్ళూ ఏమీ కాలేదుగా అన్నారు. ఏమీ కాలేదన్నది రుజువా? రోజూ రోడ్డుకు అడ్డంగా పరుగెత్తేవాడు కూడా బండి తగిలేదాకా అదే మాట అంటాడు!

పూజ జరిపించేది కరెంటు చూసే కంబగిరి. నాకంటే పెద్ద గొంతు, నాకంటే పెద్ద మనసు. ఆ రెండోది ఎదుట ఎప్పుడూ చెప్పలేదు.

"ఏమప్పా ఓబులేసా, నీకు దేవుడు లేడు సరే. మా పండగ ఏంటికి లేకుండా చేస్తాండావు?"

"పండగ ఉంచుకో. నిప్పు తీసెయ్."

"నిప్పు లేని పూజ, ఉప్పు లేని సంగటి. చేతులు కట్టుకోని గమ్మున నిలబడమంటావా యంత్రం ముందర?"

అప్పుడన్నాను. ఇప్పుడు రాస్తుంటే ప్రతి అక్షరం గుర్తొస్తోంది. "యంత్రానికి దండం పెట్టడం గౌరవం కాదు. దాన్ని శుభ్రం చేయడం గౌరవం. నవమినాడు అందరం కలిసి యంత్రాలు విప్పుదాం, కడుగుదాం, తుడుద్దాం. ఆడా మగా, ఈ కులం ఆ కులం లేకుండా. ఇంతకంటే పెద్ద పూజ ఉంటే చూపించండి."

చప్పట్లు కొట్టారు. సభ నడిపించే హుసేనమ్మ చేతులు లెక్కపెట్టింది. బాగా ఎక్కువే వచ్చాయి. చివరకు కంబగిరి కూడా, "విప్పేది ఉందంటే నేను ముందుంటా" అన్నాడు.

మద్దమ్మకు చెప్పాను. "గెలిచినావుగా. ఇంక నిదరపో" అంది.

ఆశ్వయుజ శుద్ధ నవమి

ఎంత మంది వచ్చారు! బడి పంతుళ్ళు, వంటశాల ఆడవాళ్ళు, రాయి కొట్టేవాళ్ళు. వార్డుకు సీసాల గాలి పెట్టి మూడో నంబరును ఆపాం. పైమూత విప్పి, పిస్టన్ బయటకు తీసి గుడ్డ మీద పెట్టాం. యంత్రం లోపల ఏముంటుందో జీవితంలో మొదటిసారి చూసినవాళ్ళే అందరూ. పిస్టను, రింగు, గాలి వచ్చే దారి, పోయే దారి చూపించాను. ఒక ముసలమ్మ సిలిండర్లోకి తొంగి చూసి, "ఇంతేనా? రోలు మాదిరే ఉండాదే" అంది. ఇన్నేళ్ళ నా ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క చూపు చేసింది. భయం పోయింది.

మధ్యాహ్నం వార్డుకు పోయి సీసాల సంగతి చూసి వచ్చేసరికి వంటశాలవాళ్ళు సిలిండరు దగ్గర చేరి ఉన్నారు. బిలంలో ఇత్తడి చెంబుల్ని ఎట్లా తోముతారో దాన్నీ అట్లాగే తోమారు. చింతపండు, ముగ్గురాయి పొడి. లోపలి నల్లటి మసి అంతా పోయింది. అద్దంలా ఉంది. అందులో కంబగిరి మీసం దువ్వుకుంటున్నాడు.

"చూడప్పా ఓబులేసా! ఎన్నేండ్ల మురికో!"

అది మురికి కాదు. రింగులు వేసుకున్న పొర. చెప్పాలనుకున్నాను. అందరి ముఖాలూ నా వైపే తిరిగి ఉన్నాయి, చేతులు చింతపండు పులుసుతో ఎర్రగా ఉన్నాయి. నిప్పు లేని మొదటి నవమి. దీన్ని మాటతో చెడగొట్టాలా?

రింగులు మంచివి, మిశ్రమం నాది. పొర పోతే మళ్ళీ వేసుకుంటుంది అనుకున్నాను. మొదట వేసుకోలేదా? నీళ్ళతో రెండుసార్లు కడిగించి, ఆరబెట్టి, బిగించి, నెమ్మదిగా నడిపాను. సాయంత్రం అందరం కలిసి బొబ్బట్లు తిన్నాం.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

వార్డు గొట్టంలో ఒత్తిడి ఒక గీత తగ్గింది. పొర కుదిరేదాకా ఇంతే. మొదట తొడిగినప్పుడూ ఇట్లాగే జరిగింది.

ఆశ్వయుజ శుద్ధ చతుర్దశి

ఇంకో గీత. మొదట తొడిగినప్పుడు ఈపాటికి ఆగిపోయింది.

రూతమ్మ మనిషిని పంపింది: "గాలి పల్చబడతాంది, అన్నను చూడమను."

ఆశ్వయుజ పౌర్ణమి

యంత్రం ఆపి విప్పాను.

రింగుల మందం సగానికి వచ్చింది. సిలిండరు అడుగున బూడిదరంగు పొడి కుప్ప. అదంతా నా రింగులే. గోడ మీద వేలు పెడితే నిలువునా గీతలు తగిలాయి, పిల్లి గోళ్ళు గీసినట్టు. ఒక రింగును భూతద్దం కింద పెట్టి చూశాను. నల్లటి మెత్తని ఒంట్లో తెల్లటి నలుసులు దిగబడి ఉన్నాయి. ముగ్గురాయి. ఎన్ని నీళ్ళు పోసినా సందుల్లో మిగిలిన పొడి అది. మెత్తనిదాంట్లో గట్టి నలుసు దిగితే అది ఇక రింగు కాదు, ఆకురాయి. అది గోడను గీస్తుంది, గీతలుపడ్డ గోడ తిరిగి దాన్ని కోస్తుంది. ఇక పొర ఎక్కడ నిలుస్తుంది?

నా లెక్క రింగుల వరకు తప్పు కాదు. పొర పోతే మళ్ళీ వేసుకునేవే. గోడ శుభ్రంగా ఉంటే. గోడను శుభ్రం చేయమన్నది నేను. శుభ్రం అన్న మాట వాళ్ళకిచ్చాను గానీ ఏది శుభ్రమో చెప్పలేదు.

సీసాల గాలి యంత్రం ఆపే గంటలకే సరిపోతుంది, వాటిని నింపేదీ ఈ యంత్రమే. అదనపు రింగులు లేవు. ఉన్న జతను ఎండాకాలంలోనే పిల్లల గదుల యంత్రానికి తొడిగాం. ఆ యంత్రాన్ని ఆపి తెమ్మని ఎవరినీ అడగను, మద్దమ్మ కోసమైనా సరే. కొత్తవి చేయాలి. పొడి కలపాలి, అచ్చులో నొక్కాలి, బట్టీలో మెల్లగా కాల్చాలి, అంతకంటే మెల్లగా చల్లార్చాలి. తొందరపడి మూత తీస్తే పగుళ్ళు వస్తాయి, మళ్ళీ మొదటికొస్తాం.

ఉన్న రింగులతోనే సగం వేగంతో నడుపుతున్నాను. తొమ్మిది మంచాలకు వంతులేసింది రూతమ్మ.

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

బట్టీకి కరెంటు చాలదన్నాను. కంబగిరి ఒక్క మాట అడగలేదు. బిలం మొత్తం దీపాలు ఆర్పించాడు. జనం చీకట్లోనే వండుకున్నారు, చీకట్లోనే పిల్లలకు తినిపించారు. ఒక్కరూ విసుక్కోలేదు. ఇదే జనం. తిథులకు చేతులెత్తేదీ వీళ్ళే, తమవాళ్ళు కాని తొమ్మిదిమంది ఊపిరి కోసం చీకట్లో కూర్చునేదీ వీళ్ళే. ఈ ముక్క ఏ ఉపన్యాసంలో చెప్పాను నేను? ఎప్పుడూ చెప్పలేదు.

కంబగిరి బట్టీ పక్కన చతికిలబడ్డాడు.

"ఓబులేసా, ఒకటి చెప్తా, తిట్టకు. పెద్దమ్మకు కోపమొచ్చింది. అంతే. నువ్వు చేసిందేం లేదు."

"పెద్దమ్మ చేతిలో ముగ్గుపిండి ఉన్నిందా?"

"నీ నోరుంది చూడు..." అని తన అరచేతులు చూసుకున్నాడు. "తోమినోళ్ళలో నేను కూడా ఉండాను. మసి బాగా గీకింది నేనే. అమ్మవారని అనుకోనీప్పా నన్ను. ఇద్దరికీ నిదర పడ్తాది."

జవాబు నోట్లోనే ఉంది. వాడి చేతులు చూసి మింగేశాను.

ఆశ్వయుజ బహుళ తదియ

బట్టీ చల్లారుతోంది. సిలిండరు గీతల్ని సన్నరాయితో నున్నగా తీయించాను. ఈసారి పొడి మిగలకుండా ప్రతి సందూ నేనే గుడ్డతో చూశాను.

మద్దమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె వంతు ముందుకు జరపనా అని రూతమ్మ కళ్ళతోనే అడిగింది. పక్క మంచంలో ఇద్దరు పిల్లల తల్లి ఉంది. మద్దమ్మే తల అడ్డంగా ఊపింది.

"ఏమయ్యో" అంది. ఒక్కో మాటకూ ఆగుతోంది. "అందరూ అంటాండారు. పెద్దమ్మ కోపమని."

"కాదు."

"నువ్వు కూడా అనరాదా. ఒక్కతూరి."

"ఎందుకు?"

"అంటే నాకు నిమ్మళం. నేను పోయినాక నువ్వు నిన్ను పీక్కోని తినకుండా ఉంటావు."

ఆమె నమ్మకం కోసం అడగలేదు. నా కోసం అడిగింది. ఎదురుగా ఊపిరాడని మనిషి, ఒక్క మాట చాలు. ఏం పోతుంది నాకు? ఎవరు వింటారు? నా పక్షం ఓడిపోతుందా?

"కాదు మద్దీ. పొర తుడిచేశాం. నేను తుడిపించాను."

కళ్ళు మూసుకుని నవ్వింది. ఛాతీ ఎగిసిపడింది. "తెలుసులే. నీతో గెలవడం నా చేత యాడయితాది."

చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి గెలవకూడదనిపించింది. అప్పటికే గెలిచేశాను.

ఆశ్వయుజ బహుళ పంచమి

పొద్దున మద్దమ్మ పోయింది. నేను బట్టీ దగ్గర ఉన్నాను.

మూత తీస్తే రింగులు బాగున్నాయి. ఒక్క పగులూ లేదు. తొడిగాను.

ఆశ్వయుజ బహుళ నవమి

సభ. కారణం రాయాలి. యంత్రం చెడితే, మనిషి పోతే, కారణం రాసి గోడకు అంటించడం బిలం పద్ధతి.

హుసేనమ్మ రాసుకొచ్చిన కాగితం చదివింది: పూజ మానినందుకు పెద్దమ్మవారి ఆగ్రహం, అందువల్ల యంత్రానికి కలిగిన ఆపద. ఎవరి పేరూ లేదు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్ళు పడుతున్న కష్టం కనిపిస్తూనే ఉంది. వంటశాల ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. వాళ్ళకూ ఆ కాగితం కావాలి. ఇన్నేళ్ళూ నా మీద పళ్ళు నూరినవాళ్ళంతా కలిసి నాకోసం ఒక దుప్పటి నేసుకొచ్చారు, కప్పుకోమన్నారు.

లేచి నిలబడ్డాను.

"నాకిది వద్దు."

"కూచో ఓబులేసా" అంది హుసేనమ్మ. "నిన్ను కాపాడుకుందామని మేమనుకుంటాంటే..."

"నన్ను కాపాడతారు, సరే. వార్డులో మిగిలినవాళ్ళను ఎవరు కాపాడతారు? అమ్మవారి కోపమని రాస్తే వచ్చే నవమికి ఆమెను శాంతింపజేయాలి. కర్పూరం తెస్తారు, ఆక్సిజన్ పక్కన వెలిగిస్తారు. సిలిండర్లోని నల్లపొరను ముట్టుకోకూడదని కొత్తగా వచ్చినవాడికి ఎవరూ చెప్పరు, ఎందుకంటే గోడ మీద ఆ మాట ఉండదు. మళ్ళీ ఎవరో ఒకరు తోముతారు. అప్పుడు ఎవరి కోపమంటారు?"

"మరి ఏం రాయమంటావు?"

"సిలిండరు లోపలి పొరను ముగ్గురాయితో తుడిచేశారు. తుడవమన్నది చిన్నోబులేసు. తుడిచింది చూసి కూడా చెప్పనిదీ చిన్నోబులేసే. వంటశాలవాళ్ళ తప్పు లేదు. వాళ్ళకు తెలిసిన శుభ్రం వాళ్ళు చేశారు."

వెనకనుంచి ఒక గొంతు: "పెండ్లాం పోయి దినాలన్నా కాలేదు, ఈ మనిషికి వాదన కావాలంట!"

నిజమే. ఇంకేం చేయాలో నాకు తెలియదు. ఏడవడం వచ్చినవాళ్ళు అదృష్టవంతులు.

ఓటు పెట్టారు. చాలాసేపు ఏ చెయ్యీ లేవలేదు. ముందుగా కంబగిరి లేపాడు. కళ్ళు తుడుచుకోకుండానే అరిచాడు: "నీ పక్కన చెయ్యెత్తేది ఇదే మొదులు, ఇదే ఆఖరు! నా పేరు కూడా రాయండి కింద. గీకింది నేను." తర్వాత వంటశాలలోంచి ఒకామె. తర్వాత ఇంకొకామె. హుసేనమ్మ రెండుసార్లు లెక్కపెట్టి తన కాగితాన్ని మడిచేసింది.

గెలిచాను. ఇంటికొచ్చి తలుపు తీశాక, ఆ మాట చెప్పాల్సిన మనిషి లేదని గుర్తొచ్చింది.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

ఒత్తిడి నిండుగా ఉంది. పొర కుదిరింది. తొర్ర దగ్గర మంచానికి కొత్త మనిషిని తెచ్చారు, కొత్తగా తవ్వుతున్న గది నుంచి. పేరు ఉలిగమ్మ. గొట్టం సరిచూద్దామని పోయాను.

"గాలి బాగుండాది అన్నా" అంది. "ఈ మంచంలో ముందున్న ఆమె ఎట్లా పోయింది? ఎవురూ చెప్పడం ల్యా."

రూతమ్మ వద్దన్నట్టు చూసింది. గోడ మీద రాయించినవాడిని, నోటితో దాచడమెందుకు?

"యంత్రం లోపలి పొర తుడిచేశారు. గాలి తగ్గింది."

"ఎవురు తుడిచింది?"

"యంత్రం చూసేవాడు తుడిపించాడు."

ఉలిగమ్మ మోచేతి మీద లేచింది. "వాడు ఇప్పుడు యాడుండాడు?"

"యంత్రం దగ్గరే."

"ఇంకా వాన్నే పెట్టినారా?"

ఎక్కడైనా, ఎవరితోనైనా, మాటకు మాట అప్పజెప్పేవాడిని. గొట్టం బిగింపు ఇంకోసారి సరిచూశాను.

"రింగులు చేయడం ఇంకెవరికీ రాదమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. అర్థమైనట్టుంది. గొట్టాన్ని ముక్కుకు అదిమిపట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. వీపు మెల్లగా ఎగిసింది, దిగింది. మళ్ళీ ఎగిసింది. రూతమ్మ వచ్చి పొమ్మనేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.